వంత పాడనివాళ్ళకు వేషం లేదు

మా మేనత్త పోయిందన్న కబురు నాకు టీవీ వాళ్ళు చెప్పారు. పొద్దున ఆమె కోసం జావ కాచి, డబ్బాలో పోసుకొని ఆటోలో దవాఖానకు పోతున్నాను. ఫోన్లో ఒక బొమ్మ వచ్చింది. అత్తమ్మ ఫోటో, చుట్టూ పూలు, పక్కన దీపం, కింద లావు అక్షరాలతో "నవ్వుల జడ్జి ఇక లేరు". దవాఖానలో ఎవరో వాళ్ళకు ముందు చెప్పారట. మాకు ఫోన్ ఆ తర్వాత వచ్చింది. ఆటోలో కూలబడి ఏడవాల్సినదాన్ని, ఏడవలేదు. ఒళ్ళు మండిపోయింది. నవ్వుల జడ్జట! జన్మలో ఒక్క జోకు వేసి ఎరగని మనిషి.

పోయినవాళ్ళ గురించి నెమ్మదిగా, మంచి మాటలతో రాయాలంటారు. మంచి మాటలు చాలా ఉన్నాయి, రాస్తాను. కాని ఆమె చేతిలో పెరిగినదాన్ని. కోపాన్ని దిగమింగి రాయడం నాకు చేతకాదు, చదివేవాళ్ళు మన్నించాలి.

అత్తమ్మ నాటకాల మనిషి. మా వైపు జంపఖానాలు నేసే ఇళ్ళలో పుట్టిన ఒక పాటల నాటకం ఉండేది, 'నీలవేణి పంతం' అని. మొగుణ్ణి ఖైదులో వేసిన దొర కోసం నేసిన జంపఖానాను మగ్గం మీంచి కోసి ఇవ్వనని మొండికేసిన నేతగత్తె కథ. మూడు గంటల ఆట. అందులో నీలవేణి మాట్లాడేది తక్కువ, పాడేది ఎక్కువ. ఆ వేషం మా అత్తమ్మది. ఖిలా వరంగల్‌లో ఆట పెడితే, మైకు లేకుండానే చివరి వరసలో పిల్లను జోకొడుతున్న తల్లికి కూడా ప్రతి మాటా వినబడేది. ఆమె ఒక చరణం పాడి ఆగగానే, వెనక చాప మీద కూర్చున్న మేం ఆఖరి పాదాన్ని అందుకొని పాడేవాళ్ళం. అదే వంత. నేను ఊహ తెలిసినప్పటి నుంచి ఆ చాప మీదే ఉన్నాను. ముందుకొచ్చి నిలబడేంత గొంతు నాకు లేదు, ఆ సంగతి అత్తమ్మే చెప్పింది, మొహం మీదే చెప్పింది.

"వంత పాడనోల్లకు వేషం లేదు" అనేది ఆ నాటకాల మేళంలో కట్టుబాటు. ఎంత గొప్ప గొంతైనా సరే, ఎంత చక్కని పిల్లైనా సరే, ముందు చాప మీద కూర్చొని ఆట మొదటి నుంచి చివరిదాకా వంత పాడాలి. ఆ తర్వాతే ముఖానికి రంగు. ఎందుకట్లా అని చిన్నప్పుడు అడిగాను.

"ముందటున్న మనిషికి ఊపిరి ఏడ తెగుతదో ఎనుకున్నోల్లకే ఎరుకైతది, కోడలా. అది ఎరుక లేనోల్లు ముందటికొస్తే ఉత్తగ ఒర్రుడే, పాట కాదు."

బస్సులో పక్కన కూర్చుంటే నా తొడ మీద తాళం వేసేది. కాజీపేట వచ్చేసరికి తొడ ఎర్రగా కమిలిపోయేది. ఇంట్లో టీవీ చూస్తే సౌండు తీసేసి చూసేది. పాడేవాళ్ళ మెడ వంకే కళ్ళు. నరం కదిలితే "ఈమె పాడతాంది" అనేది, కదలకపోతే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. బాగా పాడావని ఎవరితోనూ అనేది కాదు. మరీ నచ్చితే "రేపు రా" అనేది. ఆ రెండు మాటల కోసం మా మేళంలో ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి తిరిగారు.

ఆట ఆగిపోయి చాలాకాలమైంది. పాడేవాళ్ళు కొందరు పోయారు, కొందరు మానేశారు. ఇంకొక్కసారి నీలవేణి ఆట పూర్తిగా లేవాలి, ఆ వేషం ఒక పిల్ల చేతికి అప్పజెప్పి పోవాలి, ఆమెకున్న కోరికల్లా అదే. సరిగ్గా అప్పుడు ఒక టీవీ చానలాయన మా ఇంటి ముందు కారు దిగాడు.

"అమ్మా, మీ నాటకాన్ని మళ్ళీ బతికిద్దాం. టీవీలో పోటీ పెడతాం. స్టేట్ మొత్తం నుంచి అమ్మాయిలొస్తారు. గెలిచినమ్మాయే నీలవేణి. ఫుల్ నాటకం, వరంగల్‌లోనే, గ్రాండ్‌గా! మీరే మా జడ్జి."

"గెల్చిన పిల్ల ముందుగాల వంత పాడాలె. అటెనుక మూడు గంటల ఆట. అండ్ల ఒక్క పాట గుడ తియ్యొద్దు. ఒప్పుకుంటనే నేనొస్త."

"డన్ అమ్మా. హండ్రెడ్ పర్సెంట్."

అత్తమ్మ లోపలికి వెళ్ళి తమలపాకులు, వక్కలు పళ్ళెంలో పెట్టి తెచ్చింది. మా నాటకాలవాళ్ళలో ఆట ఒప్పుకున్నా, వేషం ఒప్పుకున్నా తాంబూలమే. అది నమిలితే మాట ఇచ్చినట్టే. నమిలి మాట తప్పినవాణ్ణి ఏ మేళమూ మళ్ళీ గడప తొక్కనివ్వదు. ఆయనకు అదంతా ఏం తెలుసు? ఇంటికొచ్చినందుకు మర్యాద చేస్తున్నారనుకున్నాడు. "స్వీట్ లేదా అమ్మా?" అంటూ నోట్లో పెట్టుకున్నాడు. గేటు దాటగానే ఉమ్మేసి కారెక్కాడు. నేను చూశాను, లోపలికొచ్చి చెప్పాను కూడా.

"నమిలిండు గద. సాలు తియ్యి" అంది అత్తమ్మ.

పోటీ మొదలైంది. ఒకమ్మాయి పాడుతుంటే ఇంకో అమ్మాయి వెనక వంత పాడాలని అత్తమ్మ మొదటి రోజే చెప్పింది. కెమెరా ఒకరి మీదే ఉంటుంది, కుదరదన్నారు. పాటకు నిమిషం, ఆ నిమిషం కూడా ముందే రికార్డు చేసిన ట్రాకు మీద. ఓపిక పట్టింది. ఒక రోజు ఇక పట్టలేక కుర్చీలోంచి లేచింది.

"పాట ఆపుండ్లి! ఈ పిల్ల గొంతుల నరం కదుల్తలేదు. మరి పాట ఏడికెల్లి వస్తాంది?"

ఆ ఒక్క మాటతో వాళ్ళ బండారం మొత్తం బయటపడాలి. వాళ్ళేం చేశారో తెలుసా? ఆమె మాటకు గాడిద ఓండ్ర కలిపారు. ఆమె ముఖాన్ని పెద్దది చేసి, మళ్ళీ మళ్ళీ తిప్పి చూపించారు. యాంకర్ పొట్ట పట్టుకొని నవ్వాడు. తెల్లారేసరికి అది ఫోన్లన్నిటిలోకీ పాకింది. వరంగల్ స్టేషన్ దగ్గర ఆటోవాళ్ళు దాన్ని రింగ్‌టోన్ పెట్టుకున్నారు. కూరగాయల దగ్గర ఒకామె వంకాయలు తూకం వేస్తూ, "అమ్మా, జర ఆ డైలాగ్ ఒక్కసారి కొట్టవా!" అంది. నవ్వుల జడ్జి అన్న పేరు అప్పుడు తగిలించారు.

"మానెయ్ అత్తమ్మా" అని బతిమాలాను.

"నా కోపాన్ని గుడ అమ్ముకున్నరే పిల్లా!" అంది. తర్వాత, "నేను మానేస్తె ఆట గుడ ఆగుతది. ఎక్కిరిస్తే ఎక్కిరియ్యని. నాకు నీలవేణి లేవాలె" అంది. మర్నాడు చీరకు ఇస్త్రీ చేసుకొని మళ్ళీ వెళ్ళి ఆ కుర్చీలోనే కూర్చుంది. నేనైతే కుర్చీ ఎత్తి విసిరేసేదాన్ని.

చివరికి ఫోన్ ఓట్లతో సిరిసిల్ల పిల్ల ఒకతి గెలిచింది. మరమగ్గాల ఇంటి పిల్ల. ఆ పిల్లతో పెట్టిన కార్యక్రమానికి హన్మకొండలో పెద్ద మైదానం, పొగలు, మెరుపుల లైట్లు, వెనక డ్యాన్సర్లు. నేతగత్తె నీలవేణికి తళుకుల గౌను వేశారు! అరగంట కూడా సాగలేదు. ఆ పిల్ల పెదాలు కదిపింది, పాట డబ్బాలోంచి వచ్చింది. "నీలవేణి మళ్ళీ పుట్టింది!" అని యాంకర్ అరిచాడు. ముందు వరసలో శాలువా కప్పుకొని కూర్చున్న అత్తమ్మ, ఆ చానలాయన్ని పిలిచి మర్యాదగానే అడిగింది.

"మరి నాటకం ఎప్పుడు సారూ?"

"అదేంటమ్మా, ఇప్పుడైంది అదే కదా!"

బూతులు చాలా విన్నాను. అంతకన్నా పెద్ద బూతు వినలేదు.

కొన్నాళ్ళకు ఆ సిరిసిల్ల పిల్ల మా గుమ్మంలో నిలబడింది. గేటు బయటే ఆపి పంపించేద్దామనుకున్నాను. అత్తమ్మే గట్టిగా అడిగింది.

"ఏం ముఖం పెట్టుకొని వచ్చినవే?"

"అమ్మా, నాకు నాటకం తెల్వది. వాళ్ళు చెప్పినట్టు పెదాలు కదిలిచ్చిన. మా వాడల అందరు దండలు ఏస్తాండ్లు, నాకు సిగ్గయితాంది. నన్ను వంతల కూసోనియ్యి."

అత్తమ్మ మూల చుట్టి పెట్టిన చాప వైపు చూపించింది. ఆ పిల్ల దాన్ని తెచ్చి పరిచి నా పక్కన కూర్చుంది. అప్పటి నుంచి పని నుంచి సెలవు దొరికితే చాలు, బస్సెక్కి వచ్చేది. తొందరపడి చరణం తానే అందుకోబోతే అత్తమ్మ చేత్తో నేల మీద చరిచేది. ఒక చరణం మధ్యలో అత్తమ్మకు ఊపిరి అందక గొంతు తెగిపోయింది. నేను కంగారుపడి నీళ్ళ కోసం లేచాను. ఆ పిల్ల మాత్రం తాళం తప్పకుండా వంత ఎత్తుకుంది. అత్తమ్మ తేరుకొని తర్వాతి చరణంలో కలిసింది. ఆ రోజు వెళ్ళేటప్పుడు, "రేపు రా" అంది. ఆ పిల్లకు ఆ మాట విలువ తెలియదు. "రేపు డ్యూటీ ఉందమ్మా" అంది! నేను పకపకా నవ్వాను. అత్తమ్మ కూడా ముఖం అటు తిప్పుకుంది, నవ్విందేమో.

కాజీపేటలో ఒక చిన్న హాలు మాట్లాడుకున్నాం. పూర్తి ఆట, ఆ పిల్లే నీలవేణి. చానలాయనకు ఎట్లా తెలిసిందో, ఫోన్ చేశాడు. ఆ పిల్ల సంతకం పెట్టిన ఒప్పందం ప్రకారం నీలవేణి పాట తమకు తప్ప ఇంకెక్కడా పాడకూడదట. పాడితే కోర్టట.

"నీలవేణి నీ సొత్తెప్పుడైందిరా?" అత్తమ్మ గొంతు వీధిలోకి వినబడింది. "నా ఇంట్ల తాంబూలం నమిలినవు గదరా!"

"తాంబూలమా? ఏ తాంబూలం అమ్మా?"

వాడు అబద్ధమాడలేదు. నిజంగానే మర్చిపోయాడు. అత్తమ్మ ఫోన్ నా చేతికిచ్చి గోడ వైపు తిరిగి పడుకుంది. హాలు వదులుకున్నాం. తర్వాత దవాఖాన, ఆక్సిజన్, ఇప్పుడీ పూలదండ ఫోటో. వాళ్ళే చంపారని నేననను. ఆమె ఊపిరితిత్తులు ముందే చెడ్డాయి. కాని ఆమె కళ్ళు మూతపడేలోపు ఆ ఆట లేవకుండా చేసింది వాళ్ళే. ఈ మాట ఎవరు ఎక్కడ అడిగినా చెబుతాను.

అంతటితో వదిలారా? సంస్మరణ సభ కూడా వాళ్ళే పెట్టారు. "నవ్వుల జడ్జికి కన్నీటి నివాళి" అని బ్యానరు. తెర మీద అత్తమ్మ కుర్చీలోంచి లేచి అరుస్తోంది. ఓండ్ర మాత్రం తీసేశారు, అదీ వాళ్ళు చూపిన గౌరవం. తర్వాత సిరిసిల్ల పిల్లను పిలిచారు, నీలవేణి పాటతో నివాళి అర్పించాలట. ఆ పిల్ల నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నువ్వు గుడ రా."

ఇద్దరం స్టేజీ ఎక్కాం. ఆ పిల్ల ముందున్న మైకు దగ్గరికి పోలేదు. వెనగ్గా వెళ్ళి నేల మీద కూర్చుంది, నేనూ కూర్చున్నాను. "అన్నా, ట్రాక్ బంద్ చెయ్యి" అని సౌండు అతనితో చెప్పింది. తొడ మీద తాళం మొదలుపెట్టింది. అత్తమ్మ చరణం పాడాల్సిన చోటు వచ్చింది. ఆ పిల్ల పాడలేదు. చరణం పట్టేంతసేపూ తాళం ఒక్కటే నడిచింది. ఆ తర్వాత ఇద్దరం వంత అందుకున్నాం.

"పోగు తెంపను దొరా, పని దింపను."

మళ్ళీ చరణమంతసేపు తాళం ఒక్కటే. మళ్ళీ వంత. చానలాయన స్టేజీ అంచుకొచ్చి, "లేచి నిలబడమ్మా, మెయిన్ పాట, మెయిన్ పాట!" అని చేతులూపుతున్నాడు. ఆ పిల్ల అటు చూడలేదు. పైన లైటు వేసేవాడికి పాట ఎవరిదో తేలలేదు. మా మీద కాసేపు, మైకు మీద కాసేపు తిప్పి, చివరికి స్టేజీ నడుమ ఎవరూ లేని చోట వేసి అట్లాగే పట్టుకున్నాడు.