‘బర్రె’కు సున్నా

1997లో నేను మాణికేశ్వర్ నగర్ దగ్గర ఒక సర్కారు ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి టీచర్ని. ఇల్లు తార్నాకలో. యూనివర్సిటీ క్యాంపస్ లోంచి అడ్డంగా నడిచి బడికి వెళ్ళేదాన్ని. పొద్దున్నే బస్తీ బర్రెలు మేతకని క్యాంపస్‌లోకి వచ్చేవి, వాటిని తప్పించుకుంటూ నేను బస్తీలోకి పోయేదాన్ని. మాది గుంటూరు వైపు. పుట్టింట్లో గేదె అనేవాళ్ళం. బర్రె అనడం నేర్పింది మా తరగతి పిల్లలే. నేను గేదె అన్నప్పుడల్లా ముసిముసిగా నవ్వి మరీ నేర్పారు.

ఆ రోజుల్లో పైనుంచి కొత్త పద్ధతి దిగింది. ప్రతి పాఠానికీ దాని కాంపిటెన్సీ ఏమిటో ముందు రాసుకోవాలి. కాంపిటెన్సీ అంటే ఆ తరగతి పిల్లకు వచ్చి తీరాల్సిన నైపుణ్యం. బొమ్మ చూసి పేరు రాయడం, ఒత్తులు తప్పు లేకుండా రాయడం, ఇలాంటివి. ఆలోచన చెడ్డదని నేననను. కానీ ఏం చెప్పాలో, ఏ రోజు చెప్పాలో, ఏ మాటతో చెప్పాలో కూడా ఎక్కడో ఆఫీసులో కూర్చుని తేల్చేశారు. అదీ నా కడుపుమంట. పరీక్ష పేపరు అక్కడినుంచే వచ్చేది. దిద్దడానికి వేరే బడుల టీచర్లు వచ్చేవాళ్ళు. వాళ్ళ చేతిలో ‘కీ’, అంటే జవాబుల కాగితం ఉండేది. అందులో లేని మాట పిల్లలు రాస్తే సున్నా.

మా తరగతిలో స్వరూప అనే పిల్ల ఉండేది. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చిన కుటుంబం. తండ్రి లేడు. తల్లి యాదమ్మ యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో రొట్టెలు చేసేది. ఆ యేడు పరీక్షలో బొమ్మల కింద పేర్లు రాయమన్నారు. పుస్తకంలో మాట బట్టీ పట్టిన పిల్లలు గట్టెక్కారు. స్వరూప బొమ్మను చూసి రాసింది. గేదె బొమ్మ కింద ‘బర్రె’, చొక్కా కింద ‘అంగి’, వేరుశనగ కింద ‘పల్లికాయ’. అన్నిటికీ సున్నా.

ఆ పేపరు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ర కింద ర ఒత్తు, ల కింద ల ఒత్తు ముత్యాల్లా పెట్టింది ఆ పిల్ల. గేదెలో అసలు ఒత్తే లేదు. ఒత్తులు వచ్చో రావో అని పరీక్ష పెట్టినవాళ్ళే ఒత్తు రాసినదానికి సున్నా వేశారు.

అంతటితో ఆగినా బాగుండేది. ఫలితాలు తల్లిదండ్రుల ముందు చదివి వినిపించాలని ఇంకో ఆర్డరు. మా బడుల మీద పెత్తనం చేసే డిప్యూటీ ఇన్‌స్పెక్టరే స్వయంగా వచ్చి చదివారు. “స్వరూప, సి గ్రూపు. రెండో తరగతి చదువు గూడ వస్తలేదు” అన్నారు. యాదమ్మ వెనక వరసలో నిలబడి వింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి స్వరూప బడికి రాలేదు. నేను వాళ్ళింటికి వెళ్ళాను.

“తార్నాకల ఒక ఇంట్ల చంటిపాపను ఎత్తుకునే పని ఉన్నదంట టీచరమ్మా. తిండి, బట్ట వాళ్ళే ఇస్తరు. ఇంతకుముందు అడిగితే నేనే ఒద్దన్న, సదువుకుంటదిలే అని.”

“ఇప్పుడూ వద్దను యాదమ్మా. నా తరగతిలో బాగా చదివేది స్వరూపే. పేపరు దిద్దడంలో తప్పు జరిగింది.”

“సర్కారు తప్పు జేస్తదా?” అంది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. “సరే, ఆ సారునే ఒక్క మాట చెప్పమనుండ్రి, తప్పు సర్కారుదే అని. రేపే తోల్త.”

ఆ వారంలోనే క్యాంపస్‌లో ఒక హాలులో మాకు ట్రైనింగ్ పెట్టారు. ‘పాఠం పిల్లల పరిసరాల నుంచే మొదలుకావాలి’ అని గోడకు పెద్ద బ్యానరు. చాయ్ విరామంలో నేను నేరుగా డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్ళి పేపరు చూపించాను. ఆయన వరంగల్ వైపు మనిషి. అందుకే అర్థం చేసుకుంటారని ఆశపడ్డాను.

“మా ఇంట్ల గూడ బర్రెనే అంటం మేడమ్,” అని నవ్వారు. “ఇల్లు ఇల్లే, సర్కారు సర్కారే. కీల గేదె ఉన్నది. ఒక్క పొల్ల కోసం కీ మారుస్తమా? అయినా మీది ఆంధ్ర సైడు, మీకేంది బాధ?”

“కీ మార్చొద్దు సార్. మీరొక్కసారి వచ్చి ఆ తల్లితో చెప్పండి, మీ పిల్ల రాసింది తప్పు కాదని. పిల్ల బడి మానేస్తోంది.”

“మీటింగుల సదివిన మాటను నేనే పోయి తప్పంటనా? రేపు ఇంకో పది మంది లేస్తరు. పోయి కూసోండి.”

భోజనాల దగ్గర నా ఎదురుగానే కూర్చున్నారు ఆయన. వడ్డించే అతన్ని పిలిచి, “ఏం బాబూ, ఇది బర్రె పెరుగా, పాకెట్ పెరుగా?” అని అడిగారు. బర్రె పెరుగే అన్నాడతను. ఇంకో గరిటె వేయించుకున్నారు. విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను. ఇవాళ తల్చుకున్నా ఆ పెరుగు గరిటె కళ్ళముందు కనిపించి రక్తం ఉడుకుతుంది.

పేపరు మళ్ళీ దిద్దించమని పై ఆఫీసుకు రాశాను. జవాబు లేదు. యాదమ్మ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. “సారు రాలే గదా,” అంది. అప్పటికే స్వరూప పనిలో చేరిపోయింది.

వానాకాలంలో ఒక సాయంత్రం తార్నాకలో కూరగాయలు కొంటుంటే వెనకనుంచి తెలిసిన గొంతు వినిపించింది. తిరిగి చూస్తే స్వరూప. చంకలో బొద్దుగా ఒక పాప. సందు మలుపులో కట్టేసిన బర్రెను పాపకు చూపిస్తూ, “గేదె చూడు పాపా, గేదె” అంటోంది.

నన్ను చూసి మొహం వెలిగిపోయింది. పాపను ఇంకో చంకకు మార్చుకుంది. “టీచర్, ఈ ఇంట్ల అమ్మ గేదెనే అంటది. చొక్కా అంటది. నాకు ఇప్పుడన్నీ వస్తయి. మల్ల పరీక్ష ఎప్పుడు పెడ్తరు? ఈసారి తప్పు రాయ.”

“నువ్వు అప్పుడూ తప్పు రాయలేదమ్మా” అన్నాను.

నవ్వి తల అడ్డంగా ఊపింది. నా మాట నమ్మలేదు. తప్పని సర్కారే అందరి ముందు చదివి వినిపించాక, నేను కాదంటే ఏం లాభం. పాప ఏడుపు మొదలుపెడితే జోకొడుతూ వెళ్ళిపోయింది.

పుస్తకంలో ఒక మాట పెట్టడం చిన్న పనని అంతకుముందు అనుకునేదాన్ని. అది ఎవరి ఇంటి మాటో, ఎవరి ఇంటిది కాదో చూడకుండా ఆర్డరు వేస్తే ఎవరు బయటికి పోతారో స్వరూప వల్ల తెలిసింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా బోర్డు మీద గేదె పక్కన బర్రె, చొక్కా పక్కన అంగి రాశాను. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్ళు తుడిచేయమనేవాళ్ళు. “మీ ఇంట్లో ఏమంటారు సార్?” అని అడిగేదాన్ని. కొందరు నవ్వేవాళ్ళు, కొందరు కసురుకునేవాళ్ళు. డస్టరు మాత్రం నేను ముట్టుకోలేదు.