స్పార్కు కోసం వెతికిన పూట

మా మావయ్యది, అంటే మా ఆవిడ తండ్రిది, రాజాం దగ్గర ఊరు. ఆ ఏడు వానలు మొహం చాటేసి ఆకుమడి నెర్రెలిచ్చింది. వరినారు మొనలు అప్పటికే పండుబారాయి. ఇంకో రోజు నీళ్లు తగలకపోతే నారు దక్కదు. గెడ్డలో, అంటే పొలం పక్క వాగులో, మిగిలిన కాసిన్ని నీళ్లు తోడే చిన్న పెట్రోలు ఇంజను, నిన్నటిదాకా బాగానే తిరిగి, ఆ పొద్దున్న తాడు ఎన్నిసార్లు లాగినా పలకలేదు.

నేను మెకానికల్ ఇంజనీరింగు చదివానని దురదృష్టవశాత్తూ ఆయనకు తెలుసు.

“అల్లుడూ, నీ సదువు ఈవేళ పనికొస్తాది. సూడు మరి.”

కాలేజీలో ఇంజను బొమ్మ చాలాసార్లు గీశాను. విప్పడం మాత్రం సిలబస్‌లో లేదు. ప్లగ్గు తీసి, గరుకు కాగితంతో రుద్ది, ఇంజను ఒంటికి ఆనించి తాడు లాగమన్నాను. స్పార్కు లేదు. కొత్త ప్లగ్గు పెట్టాం. లేదు. ఇంజను చక్రానికీ స్పార్కు పుట్టించే కాయిలుకూ మధ్య సందు కొలవడానికి దళసరి కాగితం అడిగితే మావయ్య ఇంట్లోంచి శుభలేఖ తెచ్చారు. మా పెళ్లిదే. మూల కత్తిరించి దూర్చి చూశాను. సందు సరిగ్గానే ఉంది.

“పెళ్లికి పనికొచ్చింది గానీ పంపుకి పనికి రాలేదేటి?” అన్నారు.

ఇక మిగిలింది ఆపే స్విచ్చి. దాని తీగ ఇంజను ఒంటికి తగిలితే స్పార్కు పుట్టదు. ట్యాంకు వెనక తడిమితే ఒక నిమ్మకాయ, ఏడు మిరపకాయలు చేతికి తగిలాయి. వాటిని ఇనప తీగకు గుచ్చి, ఒక కొస స్విచ్చి తీగకూ రెండో కొస ఇంజను బోల్టుకూ ఎవరో శ్రద్ధగా బిగించారు.

కట్టింది తనేనని పక్కనే ఉన్న అత్తయ్య దాచలేదు. “నిన్న పక్క పొలమోడు అలా నిలబడి సూసినాడు. దిష్టి కాదేటి?”

“ఆడు సూసినా తిరిగిందే! నువ్వు కట్టినాకే ఆగిపోయినాది,” అన్నారు మావయ్య.

తీగ విప్పి మళ్లీ తాడు లాగమన్నాను. ప్లగ్గు మొన దగ్గర నీలంగా చిటుక్కుమంది. ప్లగ్గు బిగించాక రెండో లాగుకే ఇంజను అందుకుంది.

“సూసినారా, దిష్టంతా నిమ్మకాయే లాగేసినాది. లేపోతే ఇంజనే పేలిపోయేది,” అంది అత్తయ్య. నేను వాదించలేదు. భోజనం ఇంకా వడ్డించలేదు.

నీళ్లు నెర్రెల్లోకి జారిపోయి చాలాసేపు పైకి కనబడనేలేదు. మావయ్య గట్టు మీద కూర్చుని మడినే చూశారు. మడి ఆఖరి మూల తడిసేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పుడు లేచి, పంచె దులుపుకుని, “పర్లేదల్లుడూ, సదివే ఉంటావు,” అన్నారు.