నాలుగు వేళ్ళ దూరం

“తుపాకీ పట్టుకున్న పాపాన పోలేదు బాబూ,” అనేవారు సింగపూర్‌లోని యూ టీలో నేను అద్దెకున్న ఫ్లాట్ యజమాని. ఆంగ్ మో కియోలో లేత్ మిషన్ మీద పనిచేసే అంకుల్. న్యూజీలాండ్‌లో ఉన్న మేనల్లుడు జింకల వేటకి కొత్త రైఫిల్ కొని, దాని మీద గురి చూసే స్కోపును పట్టి ఉంచే మౌంట్ల ఎంపిక ఈయనకెందుకు అప్పజెప్పాడో నాకు అంతుపట్టలేదు.

మేనల్లుడు ఏ మౌంట్ ఫొటో పంపినా ఇదే తంతు. అంకుల్ గొడుగును భుజానికి ఆనించి, దాని మీద చెంప వాల్చి, కళ్ళు మూసి తెరిచేవారు. తర్వాత కంటి ముందు నాలుగు వేళ్ళు అడ్డంగా పెట్టి కొలిచేవారు.

చివరికి వీడియో కాల్‌లో తేల్చి చెప్పారు. “కంటికీ స్కోపుకీ ఇంత దూరం ఉండాల్రా. ఆ నల్ల మౌంట్‌తో స్కోపు ముందుకి జరగదు. రెండు ముక్కలది తీసుకో.”

“నల్లదే లుక్ బావుంది మామయ్యా.”

“లుక్ తర్వాత, ముందు కన్ను చూసుకో!”

వాడు నల్లదే కొన్నాడు. మూడు వారాలకి మళ్ళీ వీడియో కాల్ చేస్తే, కుడి కనుబొమ్మ మీద నెలవంకలా తెగిన గాయం. పేల్చగానే రైఫిల్ వెనక్కి తన్ని, స్కోపు అంచు కొట్టిందట.

“చెప్పానా లేదా?” అని కసిరి, అంకుల్ కళ్ళజోడు తీసి మొహం తుడుచుకున్నారు. ఆయన కుడి కనుబొమ్మ మధ్యలో, వెంట్రుక మొలవని చోట, అదే నెలవంక.

“అదెలా తగిలింది అంకుల్?”

ఆయన కళ్ళజోడు పెట్టేసుకున్నారు. “అన్నం తిన్నావా?” అన్నారు.