నిండుకున్న అంగడి

మా అమ్మ అంగట్లో ‘లేదు’ అనే మాట ఎవరూ అనకూడదు. హిందూపురం పాత బజారులో మాది బొరుగుల అంగడి. బొరుగులు, పుట్నాలు, బెల్లం, చింతపండు, ఎండుమిరపకాయలు అమ్మేవాళ్లం. ఎవరైనా అడిగిన సరుకు లేకపోతే అమ్మ “రేపు రాండి, వస్తాది” అనేది. ఇంట్లో బియ్యం అయిపోతే ఆడవాళ్లు ‘నిండుకున్నాయి’ అంటారు కదా, అంగట్లో చింతపండు అయిపోయినా ఆమె నోట అదే మాట. ‘లేదు’ అన్న మాట వింటే లక్ష్మి లేచి వెళ్లిపోతుందట. “లక్ష్మికి నీ అంగడి తప్ప వేరే పని లేదా?” అని నేను ఎగతాళి చేస్తే, నోటికి చేయి అడ్డం పెట్టి, “మెల్లిగా మాట్లాడు” అని కసిరేది. నాయన పోయిన తర్వాత ఆ అంగడి ఒక్కటే ఆమెకు దిక్కు.

బైపాస్ పక్కన పెద్ద సూపర్ మార్కెట్ వచ్చాక బజారు పాడుపడింది. గోరంట్ల బస్సులో వచ్చేవాళ్లు అక్కడే దిగిపోవడం మొదలుపెట్టారు. ఎర్రమంచి ఫ్యాక్టరీలో పనిచేసే పిల్లలు జీతం రాగానే అక్కడికే వెళ్లి, ఏసీలో బండి తోసుకుంటూ చింతపండు కొన్నారు. వాళ్లను తప్పుపట్టలేను. పెనుకొండలో ఉద్యోగం చేసుకుంటూ నేనూ అలాంటి చోటే సబ్బులు కొనేదాన్ని.

అప్పుడు బజారులోని పెద్ద వ్యాపారులు కలిసి ఒక కమిటీ పెట్టారు. మన బజారును మనమే బతికించుకుందాం అన్నారు. రోడ్డుకు రాళ్లు పరిపిస్తారట, దీపాలు పెట్టిస్తారట, అందరి బోర్డులూ ఒకే రంగులో ఉంటాయట. పని జరిగినన్నాళ్లు, వ్యాపారం దెబ్బతిన్న చిన్న అంగళ్లకు కమిటీ అద్దె కట్టి, సరుకు కూడా వేయిస్తుందని చెప్పారు. ఆ సాయం అందితే అమ్మ అంగడి నిలుస్తుంది, లేకపోతే పోతుంది. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

ఎవరికి సాయం కావాలో తేల్చడానికి బెంగళూరు నుంచి ఒక సలహాదారును పిలిపించారు. వాళ్ల తాతలది ధర్మవరమేనట. తెలుగు చక్కగానే మాట్లాడేవాడు కానీ, పుట్టిపెరిగింది అక్కడ కాబట్టి అవ్వల వంటింటి మాటలు ఆయనదాకా చేరలేదు. ఆయన వస్తాడని తెలిసి నేను సెలవు పెట్టి వచ్చాను. శుక్రవారం సాయంత్రం. అమ్మ అప్పుడే దీపం పెట్టింది. ఖాళీ డబ్బాల అడుగున గోనెసంచులు కుక్కి, పైన నాలుగు చేరల బొరుగులు పోసి ఉంచింది. వట్టి డబ్బాలు జనానికి కనబడకూడదని చాలా రోజులుగా అలాగే చేస్తోంది.

కమిటీ వాళ్లను వెంటేసుకుని ఆయన వచ్చి మర్యాదగా అడిగాడు.

“ఏమ్మా, సరుకులు ఎలా ఉన్నాయి?”

“నిండుకున్నాయి సార్” అంది అమ్మ. “అన్నీ నిండుకున్నాయి.”

మా అమ్మకు చేయి చాచడం అంటే అదే. అంతకంటే దిగి ఆమె ఎవరినీ అడగలేదు. ఆయన డబ్బాల వైపు చూసి ముఖం వికసించి, “చాలా సంతోషమమ్మా, ఇంత పోటీలో కూడా అంగడి నిండుగా పెట్టుకున్నారు” అన్నాడు.

ఆయన వెనక నిలబడ్డవాళ్లంతా తల్లుల నోట ఆ మాట విని పెరిగినవాళ్లే. దాని అర్థం తెలియనివాడు ఒక్కడూ లేడు. మా ఎదురుగా చీరల అంగడి ఉన్నాయన, ఏళ్ల తరబడి సాయంత్రం మా బొరుగులే తిన్నాయన, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. “ఆయమ్మకేం సార్, మహారాణి. మా అందరికన్నా బాగుండాది” అన్నాడు. మిగతావాళ్లు కూడా నవ్వారు.

నాకు ఒళ్లు మండిపోయింది. “సార్, నిండుకున్నాయంటే లేవని అర్థం. లేవు. ఏమీ లేవు. కావాలంటే చూడండి, ఇవి గోనెసంచులు!” అని అరుస్తూ డబ్బాలో చేయి పెట్టాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగాయి. ఆమె నన్ను చూడలేదు, దీపాన్ని చూసింది.

“దానికేం తెలుసు సార్? ఉద్యోగం చేసే పిల్ల. ఈడ అన్నీ ఉండాయి. నిండుగా ఉండాయి.”

సాయం కోసం తల్లిచేత అబద్ధమాడించాలని చూసే కూతురిని చూసినట్టు ఆయన నన్ను చూశాడు. “అమ్మగారే చెబుతున్నారు కదండీ” అని పక్క అంగడికి వెళ్లిపోయాడు. చీరలాయన వెళ్తూ వెళ్తూ పైనున్న బొరుగులు గుప్పెడు తీసి నోట్లో వేసుకున్నాడు.

సాయం మాకు రాలేదు. రోడ్డు తవ్వారు. మా అంగడి ముందు గుంత, గుంతలో నీళ్లు. వచ్చే నలుగురూ రావడం మానేశారు. పని సగంలో ఉండగానే, అద్దె కట్టలేక గది ఖాళీ చేయాల్సి వచ్చింది. దాన్ని చీరలాయనే తీసుకున్నాడు. గోడలకు మట్టిరంగు వేయించి, త్రాసు వేలాడదీసి, పాతకాలపు అంగడిలా తయారుచేసి, బొరుగులు అందమైన పొట్లాల్లో పెట్టాడు. ఇప్పుడు జనం వచ్చి దాని ముందు ఫోటోలు దిగుతారు. బజారు బతికింది, అబద్ధం ఎందుకు చెప్పాలి?

బజారు ప్రారంభం రోజున అమ్మను వేదిక మీదికి పిలిచారు. స్థానిక వ్యాపారులను కాపాడుకోవాలని అందరూ మాట్లాడారు. బజారులో అందరికన్నా పెద్దామె అని చెప్పి చీరలాయన తన చేతులతో అమ్మకు శాలువా కప్పాడు. ఆమె చేతులు జోడించి నిలబడింది.

ఇంటికి వచ్చాక నేను ఆపుకోలేకపోయాను. “ఆయప్పకు ఆ మాట తెలుసు మా. తెలిసే నవ్వినాడు. అట్లాటోడి చేత శాలువా కప్పించుకోని వస్తాండావే, నీకు సిగ్గు లేదా?”

అమ్మ శాలువాను మడత పెడుతూనే ఉంది.

“నవ్వినాడు. నవ్వితే లక్ష్మి పోదు. దీపం పెట్టిన యాళ, అంగట్లో నిలబడి, లేవు లేవు అని అరిచింది ఎవురు? నా అంగడి తీసేసింది నువ్వే.”

ఇప్పటికీ శుక్రవారాలు అమ్మ దగ్గరికి వెళ్తాను. కూర్చోమంటుంది, అన్నం పెడుతుంది, నా ఆరోగ్యం అడుగుతుంది. బియ్యం ఉన్న వంటింట్లోకి మాత్రం నన్ను అడుగు పెట్టనివ్వదు.