అంకె వెయ్యని ఆదివారం

లైబ్రరీ మేడమ్ పోయారని గురువారం పొద్దున్న ఆవిడ చెల్లెలు ఫోన్ చేసింది. నేను ఎచ్చెర్ల నుంచి ఆఫీసుకి వెళ్ళే బస్సులో నిలబడి ఉన్నాను. "అక్క ఎల్లిపోనాది బాబూ" అంది, అంతే. నేను దిగాల్సిన చోటు దాటిపోయినా దిగలేదు. శ్రీకాకుళం బస్సు కాంప్లెక్సు దాకా వెళ్ళి అక్కడ సిమెంటు బెంచీ మీద కూర్చుండిపోయాను. ఏడుపు కంటే ముందు నాకు సిగ్గు వచ్చింది. ఎందుకో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

ఆవిడ మా కాలేజీ లైబ్రేరియన్. నేను డిగ్రీ చదివే రోజుల్లో పుస్తకం ఒక్కరోజు ఆలస్యమైతే క్లాసుకొచ్చి మరీ పరువు తీసేవారు. ఆవిడ రిటైరయ్యాక కాలేజీ వాళ్ళు ఈ-బుక్స్ అరువివ్వడం మొదలుపెట్టారు. అప్పటికే కిడ్నీలు పాడై వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్తున్న మనిషి, సూదులు లేని చేత్తో ట్యాబ్ పట్టుకుని, అక్షరాలు పెద్దవి చేసుకుని చదివేవారు. గడువు తీరితే ఆ పుస్తకాలు వాటంతటవే మాయమైపోతాయని ఎంత చెప్పినా నమ్మలేదు. ట్యాబ్ కవరు లోపల గడువు చీటీ అతికించి, పాత రబ్బరు స్టాంపుతో తారీఖు కొట్టుకునేవారు. చదవడం అయిన మరుక్షణం తిరిగిచ్చేసేవారు. ఇంకా వారం ఉంది కదా మేడమ్ అంటే, "ఎనకాతల ఎవులో ఎదురుసూస్తుంటారు, ఉంచీసుకుంటే ఎలాగరా" అనేవారు.

నవల మొదలుపెట్టానని నేను నోరు జారింది ఆవిడ దగ్గరే. ఆ వెంటనే నా నోటుబుక్ లాక్కుని, చివరి అట్టకి అలాంటి చీటీ ఒకటి అతికించారు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక నేను వాళ్ళింటికి వెళ్ళాల్సిందే. ఆవిడ తారీఖు కొట్టి, ఎంతవరకొచ్చిందని అడిగి, నేను చెప్పిన పేజీ నంబరు పక్కన వేసేవారు. లోపల తెరిచి చూసేవారు కాదు. బైండింగ్ అవ్వని పుస్తకం ముట్టనని ఆవిడ పట్టుదల. అయ్యాక మాత్రం మొదట అరువు తీసుకునేది తనేనని ముందే చెప్పి ఉంచారు.

నలభై ఒకటో పేజీ దగ్గర నవల ఆగిపోయింది. ఎందుకాగిందో నాకే తెలీదు. ఆ ఆదివారం నలభై ఆరు అన్నాను. వచ్చే వారానికి రాసి కలిపేసుకుందాంలే అనుకున్నాను. ఆ పై వారం యాభై రెండు అన్నాను. ఛీ, ఎంత పిరికివాణ్ణి! అక్కడ ఆవిడకి నీరు చేరి కాళ్ళు ఉబ్బుతుంటే, ఇక్కడ నేను లేని పేజీలు పెంచుకుంటూ పోయాను. నూట అరవై మూడు అన్న రోజు ఆవిడ ముఖం వెలిగిపోవడం చూసి, ఇంటికొచ్చి అన్నం ముందు ఊరికే కూర్చున్నాను. అయినా నిజం చెప్పలేదు.

చివరి ఆదివారానికి ఆవిడ ఆసుపత్రిలో ఉన్నారు. స్టాంపు, ఇంకు ప్యాడు సంచిలో వెంట తెచ్చుకున్నారు. తారీఖు కొట్టారు గానీ నంబరు అడగలేదు.

"ఈవారం రాసింది ఒక పేజీ సదువు. బైండింగు దాకా నానుండను."

నోటుబుక్‌లో తెల్ల పేజీ తెరిచి చదవడం మొదలుపెట్టాను. చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఒకావిడ నాగావళి వంతెన మీద నిలబడి ఉంది, వేటకెళ్ళిన మొగుడు తిరిగి రాలేదు. ఎక్కణ్ణుంచి వచ్చాయో ఆ మాటలు, నేను జన్మలో అంత బాగా రాయలేదు. మేడమ్ కళ్ళు మూసుకుని విన్నారు.

"మల్లోపాలి సదువు" అన్నారు.

చదివాను. సగంలో ఆవిడ కళ్ళు తెరిచి నా వైపు చూశారు.

"ముందు సదివినప్పుడు వాన నేదు కదరా."

తల దించుకున్నాను. తిడతారని, తిడితే బాగుండునని ఎదురుచూశాను. ఆవిడ చెయ్యి చాపి నోటుబుక్ మూసేశారు.

"బాగున్నాది. మర్సిపోకముందు రాసీ."

అదే ఆఖరి మాట. నేను మాత్రం ఏం చేశాను? సిగ్గుతో ఆవిడ పోయేదాకా ఆ నోటుబుక్ తెరవలేదు.

సమాధి చేసి వచ్చాక చెల్లెలు ట్యాబ్ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆవిడ ఎప్పుడో అడిగి పెట్టుకున్న ఈ-బుక్ వంతు ఇప్పుడొచ్చిందట, మూడు రోజుల్లో తీసుకోవాలట. ఏటి సెయ్యాలి బాబూ అని అడిగింది. వరసలో వెనకాల ఉన్నవాళ్ళకి వదిలేశాను.

ఇప్పుడు నోటుబుక్ నా ముందే ఉంది. చీటీ నిండా నీలం తారీఖులు, పక్కన నా అబద్ధాలు ఆవిడ గుండ్రటి చేతిరాతలో. చివరి తారీఖు పక్కన అంకె లేదు. పెన్ను పట్టుకుని కూర్చున్నాను. బుట్ట నెత్తిన పెట్టుకుని ఆ మనిషి వంతెన మీద నిలబడి ఉంది. వాన లేదు. ఆ తర్వాత ఏమైందో నాకు గుర్తు రావడం లేదు.