గడ్డె, గద్దె

అరవైల మొదట్లో నేను తుంగభద్ర మధ్యనున్న ఒక దిబ్బకి కాపలాదారుని. సిరుగుప్పకి దగ్గరే. వేసవి వస్తే ఏటిపిట్టలు ఆ దిబ్బ చుట్టూ ఉన్న ఇసుక మీద గుడ్లు పెట్టేవి. గూడు కట్టడం వాటికి తెలీదు. ఏది గులకరాయో ఏది గుడ్డో పోల్చుకోలేం. అందుకే సర్కారు ఆ దిబ్బని రక్షిత ప్రదేశం చేసింది. బళ్ళారి నుంచి ఆఫీసరు వచ్చి, మనిషి కాలు దీనిమీద పడకూడదని చెప్పి, నాకో ఖాకీ చొక్కా, లాఠీ ఇచ్చి వెళ్ళాడు. పడవ మాత్రం ఇవ్వలేదు. గుండ్రటి పుట్టి నడిపే అన్న దయతలిస్తేనే నా ఉద్యోగం.

అసలు కాపలా ఏటి నీళ్ళదే. ఆ పుణ్యమంతా నేను ఖాకీ చొక్కా తొడుక్కుని నా పద్దులో వేసుకునేవాణ్ణి. పైన ఆనకట్ట కట్టి, కాలువలు ఒక్కొక్కటే పారేకొద్దీ, వేసవిలో దిబ్బకి ఇవతలి పాయ చిక్కిపోతూ వచ్చింది. ఒక ఏడాది మోకాలి లోతుకి దిగింది.

"ఏందప్పా, నీ ఏరు నడిచి దాటేట్టుండాది. ఇంగ నా పుట్టి యాడ పెట్టుకోవాల?" అన్నాడు పుట్టి అన్న. ఆయన నవ్వుతూనే అన్నాడు గానీ నేను లాఠీ నీళ్ళలో గుచ్చి మళ్ళీ లోతు చూశాను. నీళ్ళు పోతే ఈ పిట్టలకి నేను తప్ప దిక్కు లేదు. నేనెంతటివాణ్ణో నాకు తెలుసు.

ఆఫీసరుకి మొరపెట్టుకుంటే, బోర్డు పెట్టిద్దాం అన్నాడు. బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిశాక బోర్డులన్నీ కన్నడంలోకి మారాయి. సిరుగుప్పలో రైసు మిల్లుల గోడల మీద పేర్లు రాసే పెయింటరు మనవాడే, తెలుగువాడు. వాడికి నేనే నోటితో చెప్పి రాయించాను. కన్నడంలో ఏటి నడుమ దిబ్బని గడ్డె అంటారు. వరి పొలాన్ని గద్దె అంటారు. డకీ దకీ రాతలో ఉన్నది చిన్న వంపు తేడా. వాడు 'రక్షిత గద్దె' అని రాశాడు. బళ్ళారి మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పటి తెలుగు చదువు నాది, నేను చదివి బాగుందన్నాను. మన భాషలో గద్దె అంటే సింహాసనం కదా, పిట్టలకి అది కూడా ఇచ్చాం.

కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు కొన్న ఒక పెద్ద రైతుకి కన్నడంలో బాగా వచ్చిన మాట ఆ గద్దె ఒక్కటే. ఒకరోజు పొద్దున్నే నేను ఏటి గట్టుకి వచ్చేసరికి ఆయన ఎడ్లు ఇసుక మీదుగా నడుస్తున్నాయి, వెనక నాగలి. పరుగెత్తాను. పిట్టలు కీచుమంటూ వచ్చి నా నెత్తినే పొడిచాయి. వాటికి నా ఖాకీ చొక్కా సంగతేం తెలుసు? ఎడ్ల గిట్టలకి పచ్చసొన అంటుకుని ఉంది. అది చూసి నాకు లాఠీ ఎత్తడానికి చెయ్యి రాలేదు.

"ఏవండీ గార్డు గారూ, గవర్నమెంటే పొలం అని రాయించింది కదండీ. పంట వేసుకుంటే మీరు కాపలా కాస్తారనుకున్నానండీ," అన్నాడు ఆయన. వెటకారం లేదు. నిజంగానే అలా అనుకున్నాడు. గుడ్లు చూపిస్తే అయ్యో పాపం అని చెప్పులు విడిచాడు. "మా వైపు లంక అంటే బంగారం పండుద్దండీ. ఊరికే ఎవరొదిలేస్తారు?" అన్నాడు. అంత కోపం వచ్చింది, అంతా వృథా అయింది.

ఆ మధ్యాహ్నమే తారు తెచ్చి బోర్డు మీద దని డ చేశాను. వానలు పడే ముందు ఆఫీసరు వచ్చాడు. దున్నిన చాళ్ళు చూశాడు, నీళ్ళు తోడడానికి రైతు దింపిన ఆయిల్ ఇంజను చూశాడు, నేను దిద్దిన అక్షరం చూశాడు. "ఈగ గద్దేనే ఆయ్తల్రీ," అన్నాడు. ఇప్పుడు పొలమే అయిపోయింది కదా అని. జీపెక్కి వెళ్ళిపోయాడు.

చలికాలంలో ఆ రైతు మా ఇంటికి బియ్యం మూట పంపాడు. మీ గద్దె మొదటి పంట అని కబురు. పారెయ్యమన్నాను. కొత్తబియ్యం ముద్దవుతాయి, పాతబడనీ అని మా ఆవిడ మూలన పెట్టింది.

వేసవిలో పిట్టలు వచ్చాయి. వరి మడుల మీద చాలాసేపు తిరిగాయి. ఒకటి రెండు వాలబోయి లేచిపోయాయి. పుట్టి అన్న నా పక్కన నిలబడి, "ఇంగ రావప్పా అవి," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ అన్నం వడ్డించింది. ఏ బియ్యమో అడగలేదు, తెలిసిపోయింది. ముద్ద నోట్లో పెట్టుకుని, పంటికింద ఇసుక తగులుతుందేమోనని నెమ్మదిగా నమిలాను. తగల్లేదు.