ఎండు ద్రాక్ష పిండి చూసిన శుక్రవారం

ఇది ఇన్నాళ్ళూ రాయలేదు, నాకు అక్షరాలు రాకపోబట్టి. చిన్నప్పుడు మగ్గం దగ్గర కండెలు చుట్టడానికే పొద్దు సరిపోయేది. యాభై దాటాక బోరబండలో సాయంత్రం బడికి పోయి నేర్చుకున్నాను. నేర్చుకోగానే ఆ శుక్రవారం గురించే రాయాలనిపించింది.

ఆ శుక్రవారానికి కొద్ది రోజుల ముందే పంజాగుట్టలో ఒక పెద్దావిడ ఇంట్లో వంటకు చేరాను. ఆవిడ బొంబాయి నుంచి వచ్చిన యూదు మతస్థురాలు. శుక్రవారం పొద్దు గుంకితే వాళ్ళకు సబ్బాతు, అంటే వారానికో విశ్రాంతి రోజు, మొదలు. ఇక పొయ్యి వెలిగించరు. భోజనానికి ముందు గ్లాసులో వైన్ పోసి దీవెన చదువుతారు. చాలా ఏళ్ళుగా ఆవిడతో మాటల్లేని వాళ్ళ అన్నయ్య ఆ సాయంత్రం వస్తున్నాడు. దీవెన ఆయన చేతే చదివించాలని ఆవిడ ఆశ.

సాయం చేద్దామని నేనే సీసా తెరిచి వెండి గ్లాసులో పోశాను. ఆవిడ కుర్చీలో కూలబడింది.

"మరిగించని వైన్ మా మతం కానివాళ్ళు పోస్తే సీసా అంతా దీవెనకు పనికిరాదు. నీ తప్పు కాదు, నేనే చెప్పలేదు. కానీ మా అన్నయ్యకు పట్టింపు."

"మడి లెక్కనా అమ్మా? దుకాణంల ఇంకో సీసా తెస్త."

"అవి మావాళ్ళు చేసినవి కావు, అసలే నడవవు." అంతలో ఏదో గుర్తొచ్చి అంది, "మా అమ్మ దీవెనకు ఎండు ద్రాక్షతో రసం చేసేది. అది మరిగిస్తారు కనుక ఎవరు పోసినా ఫరవాలేదు. పిండితే తడి రావాలి, అట్లాంటివి దొరకాలి."

అప్పటికి నాలుగైంది. ఆటోలో అమీర్‌పేట పోయాను. దుకాణంలో ఒక్కో డబ్బాలోంచి ఒక్కో పండు తీసి నలుపుతుంటే దుకాణదారు నవ్వాడు.

"ఏందక్కా, ద్రాక్షలకు నాడి చూస్తున్నవా? గా పచ్చవి తీస్కో, మస్తు మెరుస్తున్నయి."

"మెరిస్తే నాకేంది అన్నా? తడి ఉండాలె."

ఆఖరి డబ్బాలో నల్లవి, గింజలున్నవి. నలిపితే వేళ్ళు అంటుకున్నాయి. ఇవే, ఇవే అని మనసు గంతులేసింది.

ఇంటికి రాగానే ఆవిడ పొయ్యి వెలిగించింది. మరిగించి, మెదిపి, గుడ్డలో వడగట్టాం. పొద్దు గుంకే ముందే చిక్కటి నల్లటి రసం చల్లారింది. అన్నయ్య వచ్చాడు. ఆవిడ నన్నే పోయమంది. గ్లాసు అంచుదాకా నింపాను.

ఆయన దీవెన చదివి ఒక గుక్క తాగాడు. చెల్లెలి వైపు చూశాడు.

"అమ్మ ఇందులో కొంచెం దాల్చిన చెక్క వేసేది, గుర్తుందా?"

"నువ్వు వద్దంటావని వేయలేదు."

"వచ్చే వారం వెయ్యి."

మరునాడు నాకు సెలవు. అయినా పొద్దున్నే అమీర్‌పేట పోయి, దుకాణం షట్టర్ ఎత్తేదాకా నిలబడి, ఆ నల్ల ద్రాక్ష డబ్బాలో మిగిలినవన్నీ తూయించుకున్నాను.